వేడినీళ్ళతో వరి విత్తన శుద్ధి: రెండు కిలోలతో మొదలుపెట్టండి

జూన్‌లో ఆకుమడి పోసిన పదిహేను ఇరవై రోజులకి గట్టు మీద నిలబడి చూస్తే, సమానంగా పచ్చగా ఉన్న నారు మధ్యలో అక్కడక్కడ కొన్ని మొక్కలు తల పైకెత్తి కనిపిస్తాయి. పక్కవాటికంటే జానెడు ఎత్తు, సన్నటి కాడ, పాలిపోయిన ఆకు. విశాఖ దగ్గర మా పద్మనాభం వైపు చాలామంది వాటిని చూసి నారు బలంగా వచ్చిందని సంతోషపడతారు. నిజానికి ఆ మొక్కల్లో చాలావరకు ఆకుమడిలోనో, ఉభాలు (నాట్లు) అయ్యాకో ఎండిపోతాయి. బతికిన వాటికి తాలు కంకులు వస్తాయి. ఇది బకానే తెగులు. జపాన్ భాషలో ఆ మాటకి తెలివితక్కువ మొలక అని అర్థం. ఆ మొక్క అంత పొడుగు ఎందుకు సాగుతుందో 1926లో కురోసావా అనే జపాన్ శాస్త్రవేత్త తేల్చాడు: లోపలున్న శిలీంధ్రం ఒక పదార్థాన్ని వదులుతుంది, అది మొక్కని సాగదీస్తుంది. 1935లో దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు. ఈరోజు ద్రాక్ష తోటల్లో గుత్తుల మీద కొట్టే మందు పుట్టుక ఇదే.

ఈ తెగులు ముఖ్యంగా విత్తనంతోనే వస్తుంది. పూత సమయంలో శిలీంధ్రం గింజని పట్టుకుంటుంది, గింజతో పాటు గాదెలోకి వెళ్తుంది, మళ్ళీ ఏడాది మనమే దాన్ని మన చేత్తో ఆకుమడిలో చల్లుతాం. ఇంటి విత్తనం దాచుకునే రైతుకి వేడినీళ్ళ పద్ధతి పనికొచ్చేది ఇక్కడే. మందు కొనక్కర్లేదు. ఒక థర్మామీటర్, ఒక గడియారం, మరిగే నీళ్ళు ఉంటే చాలు. అయితే గింజలోని రోగం చచ్చే వేడికీ, గింజలోని మొలక చచ్చే వేడికీ మధ్య తేడా చాలా తక్కువ. ఆ సన్నటి సందులో పని చెయ్యాలి కాబట్టి, ఇక్కడ చెప్పే ప్రతి అంకెనీ అంకెగానే తీసుకోండి. సుమారుగా చూసుకుంటే సరిపోతుందని అనుకోవద్దు.

ఇది దేనికి పనిచేస్తుంది, దేనికి చెయ్యదు

ముందు ఈ లెక్క తేల్చుకోకపోతే తర్వాత నిరాశ తప్పదు. వేడినీళ్ళు గింజ మీద, గింజ లోపల ఉన్నవాటిని మాత్రమే చంపగలవు. మట్టిలో, మోళ్ళలో, కాలవ నీళ్ళలో, గాలిలో ఉన్నవాటి జోలికి వెళ్ళలేవు.

వరిలో బాగా ఫలితం కనిపించేవి ఇవి. ఒకటి, పైన చెప్పిన బకానే. రెండు, ఆకు కొన తెల్లగా మారి మెలిపడే జబ్బు, దానికి కారణం గింజ పొట్టు కింద ముడుచుకుని పడుకునే నులిపురుగు. ఎండిన గింజలో అది నెలల తరబడి కదలకుండా బతికే ఉంటుంది, నీళ్ళు తగలగానే లేస్తుంది. మూడు, కొండ మీది వరిలో కనిపించే ఊదుబత్తి తెగులు. కంకి విచ్చుకోకుండా గింజలన్నీ అతుక్కుపోయి, బూడిద రంగు పుల్లలా నిటారుగా బయటికి వస్తుంది. చూస్తే అచ్చం అగరవత్తే. చల్లటి ఎత్తైన ప్రాంతాల జబ్బు అది. పాడేరు, చింతపల్లి వైపు బంధువులున్నవాళ్ళు ఈ సంగతి వాళ్ళకి చెప్పండి.

కొంతవరకే పనిచేసేవి: అగ్గి తెగులు, గోధుమ మచ్చ తెగులు, ఎండాకు తెగులు. ఇవి విత్తనంతోనూ వస్తాయి, బయటినుంచీ వస్తాయి. వేడినీళ్ళతో నారు శుభ్రంగా మొదలవుతుంది, అంతవరకే. తర్వాత గట్టు మీది గడ్డి నుంచి, పక్క మడి నుంచి అగ్గి తెగులు రావచ్చు. ఎండాకు తెగులు సంగతి మన తీరంలో మరీ కష్టం. తుఫాను గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుని చీరుకుపోతాయి, ఆ గాయాల్లోంచి బ్యాక్టీరియా లోపలికి దూరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినట్టు గాలి కొడితే, జూన్‌లో చేసిన విత్తన శుద్ధి ఒక్కటే పంటని కాపాడలేదు.

అస్సలు పనిచెయ్యనివి: పాము పొడ తెగులు, టుంగ్రో అనే వైరస్ జబ్బు. మొదటిది మట్టిలో ఉండే శిలీంధ్రపు గట్టి ముద్దల నుంచి వస్తుంది, రెండోది పచ్చదోమ మోసుకొస్తుంది. వీటికోసం గింజని వేడిచేసి ప్రయోజనం లేదు.

రెండు కొలతలు, వాటిని కలపకూడదు

ఈ పనిలో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

తడి పద్ధతిలో విత్తనాన్ని ముందు మామూలు నీళ్ళలో 18 నుంచి 24 గంటలు నానబెట్టి, తర్వాత 51 నుంచి 53 డిగ్రీల వేడినీళ్ళలో 15 నిమిషాలు ఉంచుతారు. నులిపురుగుకి ఇది పేరున్న కొలత. ముందు ఎందుకు నానబెట్టాలి? నిద్రలో ఉన్న పురుగు, నిద్రలో ఉన్న శిలీంధ్రం వేడికి బాగా ఓర్చుకుంటాయి. నీళ్ళు తాగి మేలుకున్నాక ఆ ఓర్పు పోతుంది. అప్పుడు తక్కువ వేడికే చస్తాయి. పైగా నానిన గింజలోకి వేడి సమానంగా దిగుతుంది.

పొడి పద్ధతిలో నానబెట్టని, బాగా ఎండిన విత్తనాన్ని నేరుగా 60 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు ముంచుతారు. జపాన్‌లో బకానే, అగ్గి తెగుళ్ళకి ఎక్కువగా వాడేది ఇదే. అక్కడి పొట్టి గింజ రకాల మీద స్థిరపడిన కొలత ఇది.

నానిన గింజని పొరపాటున 60 డిగ్రీల నీళ్ళలో ముంచితే మొలక చచ్చిపోతుంది. నీళ్ళు తాగి మేలుకున్నది రోగం ఒక్కటే కాదు, మొలక కూడా. అందుకే రెండు పద్ధతుల అంకెలు ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోకండి. ఒకటి ఎంచుకుని, దాన్నే గోడ మీద అంటించుకోండి.

మన దగ్గర పండే స్వర్ణ, సాంబ మసూరి, ఎంటీయూ 1121, శ్రీకాకుళం సన్నాలు లాంటి రకాలకి నేను తడి పద్ధతినే ఎంచుకుంటాను. వేడి తక్కువ కాబట్టి నీళ్ళు పట్టి ఉంచడం తేలిక. ఎలాగూ ఆకుమడికి విత్తనం నానబెట్టి, మొలకెత్తడానికి గోనెలో మండె కడతాం కాబట్టి పని కూడా అందులోనే కలిసిపోతుంది. పొడి పద్ధతి చెయ్యాలనుకునేవాళ్ళు విత్తనం గలగలా ఎండిందో లేదో చూసుకోవాలి. తేమ ఎంత తక్కువైతే గింజ అంత ఓర్చుకుంటుంది. వానాకాలంలో గోనెసంచిలో ఉండి మెత్తబడ్డ గింజకి ఆ పద్ధతి వద్దు.

ఎంత విత్తనం చెయ్యాలి

మామూలు ఊడ్పుకి ఎకరానికి 20 నుంచి 25 కిలోల విత్తనం కావాలి. దాన్నంతా ఇంట్లో వేడినీళ్ళతో శుద్ధి చెయ్యాలని కూర్చుంటే పది పన్నెండు వాయిలు దాటేసరికి చేతులు అలసిపోతాయి, గడియారం మీద చూపు తప్పుతుంది, ఎక్కడో ఒక వాయి పాడవుతుంది. మూడు ఎకరాలుంటే చెప్పనక్కర్లేదు.

నా సలహా: రెండే రెండు కిలోలు చెయ్యండి. తక్కువ విత్తనంతో నాటే శ్రీ పద్ధతిలో ఎకరానికి సరిపోయే విత్తనం అది. ఆ రెండు కిలోల నారుని పొలంలో మంచి మడి చూసి, మిగతా వరికి కనీసం 3 మీటర్లు ఎడంగా విడిగా నాటండి. అదే మీ విత్తన మడి. దానిలోంచి వచ్చే ఏడాదికి మొత్తం పొలానికి సరిపడా శుభ్రమైన విత్తనం వస్తుంది. మిగతా పొలానికి ఈ ఏడాది మామూలుగా చేసే శుద్ధే చేసుకోండి: లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు కలిపి కిలో విత్తనాన్ని 24 గంటలు నానబెట్టడం, లేదా మీరు ప్రకృతి సేద్యంలో ఉంటే బీజామృతం.

సామాను

థర్మామీటర్ దగ్గర పొదుపు చెయ్యకండి. జ్వరం చూసేది పనికిరాదు, అది 42, 43 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కాలేజీ ల్యాబ్‌లకి సామాను అమ్మే షాపుల్లో 0 నుంచి 110 డిగ్రీల దాకా చూపించే గాజు థర్మామీటర్ దొరుకుతుంది. పాదరసం ఉన్నది వద్దు, ఎర్రటి స్పిరిట్ ఉన్నది తీసుకోండి, పగిలినా విషం కాదు. పొడుగు సూది ఉన్న డిజిటల్‌ది ఇంకా సుఖం. కొన్న వెంటనే సరి చూడండి: ఐసు ముక్కలు నింపిన నీళ్ళలో 0 చూపించాలి, మరిగే నీళ్ళలో 100 చూపించాలి. విశాఖలో సముద్ర మట్టం దగ్గర ఉన్నాం కాబట్టి 100. అరకులో అయితే నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అక్కడ 97 చూపిస్తే థర్మామీటర్ తప్పు కాదు. రెండు డిగ్రీలు తేడా చూపించే థర్మామీటర్‌తో ఈ పని చెయ్యకూడదు.

వేడి నిలిపే పెట్టె కావాలి. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలకి ఐసు వేసి పంపే మందపాటి థర్మాకోల్ పెట్టెలు ఉంటాయి కదా, వాటిలో కొత్తది ఒకటి, 20 లీటర్లు పట్టేది. పాతదైతే సబ్బుతో రెండు మూడుసార్లు కడిగి ఎండబెట్టండి. ఐసు నిలబెట్టేది వేడినీ నిలబెడుతుంది. మూత పెడితే 15 నిమిషాల్లో వేడి పెద్దగా పడిపోదు. ఒక్క జాగ్రత్త: ఖాళీ పెట్టెలో మరిగే నీళ్ళు నేరుగా పోయకండి, థర్మాకోల్ మెత్తబడుతుంది. ముందు చల్లనీళ్ళు, తర్వాత మరిగేవి.

ఇంకా దోమతెర గుడ్డతో కుట్టిన సంచులు రెండు, నీళ్ళు కాచడానికి పెద్ద డేక్షా, కొలతకి లీటరు మగ్గు, రెండు బకెట్లు, కలపడానికి కర్ర గరిట. సంచి పెద్దదిగా కుట్టించండి. గింజ సగానికి మించి ఉండకూడదు. నానితే ఉబ్బుతుంది, పైగా గింజల మధ్యకి నీళ్ళు ఆడాలి.

పొయ్యి మీద పెట్టిన గిన్నెలో విత్తనం ఎప్పుడూ వేడి చెయ్యకండి. నేను మొదటిసారి అదే చేశాను. డేక్షాని సన్నటి మంట మీద పెట్టి, థర్మామీటర్‌ని పై నీళ్ళలో వేలాడదీశాను. అది 53 చూపిస్తూనే ఉంది. సంచి అడుగు మాత్రం కాలిన గిన్నెకి ఆనుకుని ఉంది. ఆ విత్తనంలో సగానికి పైగా మొలవలేదు. "విత్తనాన్ని ఉడకబెట్టావురా బాబూ" అన్నాడు చిన్నాన్న. ఏడాది జాగ్రత్తగా దాచిన గింజ అది, చాలా బాధ వేసింది. అప్పటినుంచి మంట వేరు, విత్తనం వేరు. ఇమ్మర్షన్ రాడ్ కూడా అంతే. నీళ్ళు కాచుకోవడానికి వాడుకోండి, ప్లగ్గు తీశాకే ఆ నీళ్ళు ముట్టుకోండి. విత్తనం ఉన్న పెట్టెలో రాడ్ పెట్టొద్దు.

అసలు పనికి పది రోజుల ముందు

ఒక గుప్పెడు గింజల మీద పరీక్ష చెయ్యకుండా మొత్తం విత్తనాన్ని ముంచకండి. మీ గింజ ఏ రకం, ఎన్నాళ్ళది, నూర్పిడిలో ఎంత దెబ్బతింది అనే వాటిని బట్టి అది ఎంత వేడికి ఓర్చుకుంటుందో ఉంటుంది. పగుళ్ళున్న గింజ, రెండేళ్ళ పాత గింజ త్వరగా చస్తాయి.

చేసే విధానం తేలిక. 200 గింజలు తీసుకుని 100 చొప్పున రెండు చిన్న గుడ్డ మూటలు కట్టండి. రెండింటినీ నానబెట్టండి. ఒకదాన్ని కింద చెప్పినట్టు వేడినీళ్ళలో ముంచండి, రెండోదాన్ని ముంచకండి. రెండింటినీ విడివిడిగా తడి గోనెపట్టాలో చుట్టి నీడలో పెట్టి, ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండండి. ఐదో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి మొలకలు లెక్కపెట్టండి.

వేడి తగలని మూటలోనే 80 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనం ధ్రువీకరణ ప్రమాణానికే సరిపోదు, వేరే విత్తనం చూసుకోండి. ఒకవేళ అది ఈమధ్యే కోసిన గింజ అయితే నిద్రావస్థ ఇంకా తీరలేదేమో, కొన్ని వారాలాగి మళ్ళీ చూడండి. రెండు మూటల మధ్య తేడా ఐదు లోపు ఉంటే నిశ్చింతగా ముందుకెళ్ళండి. పది దాకా ఉంటే అంతమేరకు విత్తనం ఎక్కువ తీసుకోండి. అంతకు మించితే వేడిని 51కి దించి మళ్ళీ పరీక్షించండి. టైమ్ తగ్గించడం కంటే వేడి తగ్గించడమే నా అనుభవంలో నమ్మకమైన దారి.

కంపెనీ సంచిలో గులాబీ రంగు పట్టించి వచ్చే విత్తనానికి ఈ పద్ధతి వద్దు. ఆ రంగు మందుది. వేడినీళ్ళలో మందు కరిగి నీళ్ళన్నీ విషమవుతాయి.

మొదటి రోజు పొద్దున్న: ఉప్పునీళ్ళు, నానబెట్టడం

10 లీటర్ల నీళ్ళలో కిలోన్నర కల్లుప్పు కరిగించండి. అందులో కోడిగుడ్డు వెయ్యండి. గుడ్డు తేలి, పైన పావలా బిళ్ళంత మేర బయటికి కనిపించాలి. మునిగితే ఇంకొంచెం ఉప్పు వెయ్యండి. గుడ్డు తీసేసి విత్తనం పోసి కలపండి. తాలు, సగం నిండినవి, రోగం తిన్నవి తేలతాయి. జాలీతో తీసేయండి. వాటిని పొలం గట్టు మీద పారబోయకండి, కాల్చేయండి. సన్న రకాల్లో మంచి గింజలు కూడా మరీ ఎక్కువగా తేలుతున్నాయనిపిస్తే కొంచెం నీళ్ళు కలిపి ఉప్పు పలచన చెయ్యండి. మునిగిన గింజని వెంటనే మంచినీళ్ళతో మూడుసార్లు కడగాలి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది.

రోగం సోకిన గింజ చాలావరకు తేలికగా ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క పనితోనే జబ్బులో కొంత భాగం పోతుంది. వేడినీళ్ళు చేసే ఓపిక లేనివాళ్ళు కనీసం ఇదైనా చెయ్యండి.

కడిగిన గింజని కిలో చొప్పున రెండు సంచుల్లో వేసి, నీడలో బకెట్ నీళ్ళలో నానబెట్టండి. జూన్ ఎండలకి మన దగ్గర నీళ్ళు త్వరగా పులిసి వాసనొస్తాయి, ఆరు గంటలకోసారి మార్చండి. పుస్తకాల్లో 18 నుంచి 24 గంటలు అని ఉంటుంది. విశాఖ ఉక్కపోతలో నేను 18 దగ్గరే ఆపుతాను. మధ్యాహ్నం ఒంటిగంటకి నానబెడితే మర్నాడు పొద్దున్న ఏడింటికి తీయొచ్చు. గింజ కొసన తెల్లటి ముల్లు కనబడిందంటే ఆలస్యమైపోయినట్టే. మొలక బయటికొచ్చిన గింజని వేడినీళ్ళలో ముంచొద్దు, దాన్ని మామూలుగానే చల్లుకోండి.

రెండో రోజు పొద్దున్న: వేడినీళ్ళు

పిల్లల్ని వంటింటి దగ్గరికి రానివ్వకండి. మరిగే నీళ్ళతో పని ఇది. ఇద్దరు మనుషులుంటే మంచిది, ఒకరు నీళ్ళు, ఒకరు థర్మామీటర్, గడియారం.

థర్మాకోల్ పెట్టెలో 10 లీటర్ల కుళాయి నీళ్ళు పొయ్యండి. దాని మీద 5 లీటర్ల మరిగే నీళ్ళు పోసి కలపండి. కుళాయి నీళ్ళు 30 డిగ్రీలుంటే ఈ రెండూ కలిసి లెక్క ప్రకారం 53 దగ్గరికి వస్తాయి. పెట్టె కొంచెం వేడి తాగుతుంది, ట్యాంకు నీళ్ళ వేడి రోజుకో తీరుగా ఉంటుంది, కాబట్టి లెక్కని నమ్మకండి, థర్మామీటర్‌నే నమ్మండి. 15 లీటర్లని ఒక డిగ్రీ పెంచడానికి మూడొందల మిల్లీలీటర్ల మరిగే నీళ్ళు, ఒక డిగ్రీ తగ్గించడానికి అర లీటరుకి కాస్త పైన చల్లనీళ్ళు కావాలి. ఈ రెండు కొలతలు గుర్తుంటే టెన్షన్ ఉండదు. పక్కనే చిన్న గిన్నెలో రెండు లీటర్లు మరుగుతూ ఉండనివ్వండి. విత్తనం వేశాక వేడి ఒకటిన్నర డిగ్రీ దాకా పడుతుంది కాబట్టి, మొదట 54 దగ్గర పెట్టుకోవడం నయం.

ఆ పడిపోవడాన్ని తగ్గించడానికి మధ్యలో ఒక మెట్టు ఉంది. బకెట్‌లో ఒక మగ్గు మరిగే నీళ్ళకి మూడు మగ్గుల కుళాయి నీళ్ళ చొప్పున కలిపితే 47, 48 డిగ్రీలు వస్తుంది. సంచిని ముందు ఇందులో రెండు నిమిషాలు ముంచి ఆడించండి. గింజ వేడెక్కుతుంది కానీ దెబ్బతినదు. అప్పుడు తీసి పెద్ద పెట్టెలోకి మార్చండి. ఈ మెట్టు వదిలేస్తే, 15 నిమిషాల్లో మొదటి మూడు నాలుగు నిమిషాలు గింజ లోపల చల్లగానే గడిచిపోతాయి.

ఒకసారి ఒకే సంచి. సంచిని ముంచి మెల్లగా పిసికి లోపలి గాలి బుడగలు పోనివ్వండి. గాలి పట్టిన చోట వేడి తగలదు. థర్మామీటర్ కొసని సంచి మధ్యలో, గింజల మధ్యకి దించండి. అక్కడ 52 చూపించిన క్షణం నుంచి గడియారం మొదలుపెట్టండి, సంచి ముంచిన క్షణం నుంచి కాదు. సంచిని రెండు నిమిషాలకోసారి పైకీ కిందికీ ఆడించండి. మధ్యలో మూత పెట్టండి. వేడి 51కి దిగుతుంటే సంచిని ఒక పక్కకి పట్టుకుని, రెండో పక్క మరిగే నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి కలపండి. గింజ మీద నేరుగా పడకూడదు. 53 దాటితే వెంటనే చల్లనీళ్ళు. 54 దాటి ఒకటి రెండు నిమిషాలు ఉండిపోయిందా, ఆ వాయికి విడిగా గుర్తు పెట్టుకుని, మొలక చూసేదాకా మిగతాదాంతో కలపకండి.

15 నిమిషాలు కాగానే సంచిని ఎత్తి, పక్కనే సిద్ధంగా పెట్టుకున్న బకెట్ చల్లనీళ్ళలో ముంచండి. ఇది తర్వాత తీరిగ్గా చేసే పని కాదు. బయటికి తీసినా గింజ లోపలి వేడి తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి, సంచి మధ్యలో చెయ్యి పెట్టి చూసినా చల్లగా తగిలేదాకా ఉంచండి. రెండో సంచికి పెట్టెలో నీళ్ళ వేడి మళ్ళీ సరి చేసుకుని మొదటినుంచి అదే క్రమం.

తర్వాత

వేడి తగిలిన గింజ మీద చెడ్డ సూక్ష్మజీవులతో పాటు మంచివి కూడా పోతాయి. అంటే ఇప్పుడది ఖాళీ ఇల్లు, ఎవరు ముందొస్తే వాళ్ళు చేరతారు. మనమే మంచివాటిని పట్టిద్దాం. కిలో గింజకి 10 గ్రాముల సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ పొడి పట్టించొచ్చు, లేదా ట్రైకోడెర్మా, లేదా బీజామృతం. ఏదైనా గింజ పూర్తిగా చల్లారాకే. పాత గోనెసంచిలోకి మళ్ళీ పొయ్యకండి. పోయినేడాది గింజల దుమ్ము అందులోనే ఉంటుంది. మండె కట్టడానికి కొత్త గోనె, లేదంటే వేడినీళ్ళలో ఉడికించి ఎండబెట్టినది వాడండి.

ఎప్పటిలాగే ఒక రోజు మండె కట్టి, ముల్లు కనిపించాక సాయంత్రం పూట ఆకుమడిలో చల్లండి. ఆ రోజు వాన ముంచెత్తి మడి సిద్ధం కాకపోతే, చల్లార్చిన గింజని మండె కట్టకుండా నీడలో, గాలి తగిలేలా పలచగా పరిచి ఆరబెట్టి నాలుగైదు రోజులు ఆగొచ్చు. అంతకంటే ఎక్కువ రోజులు దాచకండి. వేడి తగిలిన గింజ మామూలు గింజలా నిలవ ఉండదు.

గోధుమ, చెరకు, చోడి సంగతి

ఈ పద్ధతి పుట్టింది గోధుమ, బార్లీ, ఓట్స్ మీద. 1880ల్లో డెన్మార్క్‌కి చెందిన యెన్సెన్ కాటుక తెగులుకి దీన్ని కనిపెట్టాడు. గోధుమలో ఆ శిలీంధ్రం గింజ మొలకలోనే దాక్కుంటుంది కాబట్టి పైన చల్లే పొడి మందు దాన్ని అందుకోలేదు. నాలుగైదు గంటలు నానబెట్టి 52 నుంచి 54 డిగ్రీల్లో 10 నిమిషాలు ముంచడం దానికి స్థిరపడిన కొలత. పంజాబ్‌లో 1930ల్లో లూథ్రా, సత్తార్ అనే ఇద్దరు మంట కూడా అక్కర్లేని దారి చూపించారు: మే, జూన్‌లో పొద్దున్న ఎనిమిదింటి నుంచి పన్నెండింటి దాకా నానబెట్టి, మధ్యాహ్నం నాలుగు గంటలు మండుటెండలో పలచగా పరచడం. మన సముద్రపు గాలిలో ఆ ఎండ రాదు, ఆ పొడితనమూ రాదు. విశాఖ తీరంలో దాన్ని నమ్ముకోవద్దు. 1960ల చివర్లో గింజ లోపలికి చొరబడే కార్బాక్సిన్ మందు వచ్చాక గోధుమ రైతులు వేడినీళ్ళని చాలావరకు వదిలేశారు.

అనకాపల్లి వైపు చెరకు రైతులకి వేడినీళ్ళు కొత్త కాదు. గడ్డి దుబ్బు తెగులుకి ముచ్చెల్ని (నాటే చెరకు ముక్కల్ని) 52 డిగ్రీల నీళ్ళలో 30 నిమిషాలు ఉంచుతారు. అది చెరకు కొలత. చోడికి (రాగికి), గంటెలకి (సజ్జకి), కొర్రకి మాత్రం ఈ వరి కొలత వెయ్యకండి. ఆవగింజంత గింజ లోపలికి వేడి క్షణాల్లో దిగిపోతుంది.

విత్తన మడిలో

ఆకుమడిలో పదిహేనో రోజు నుంచి రోజూ ఒకసారి చూడండి. పొడుగ్గా పాలిపోయిన మొక్క ఒక్కటి కనిపించినా వేరుతో పీకి, సంచిలో వేసి తీసుకెళ్ళి కాల్చండి. గట్టు మీద పడేస్తే ఎండిన కాడ మీదే శిలీంధ్రం పొడి తయారవుతుంది. నాటాక పిలకల దశలో, మళ్ళీ పూతకి ముందు ఇంకోసారి మడంతా నడవండి. పూత సమయం ముఖ్యం. గింజలోకి రోగం చేరేది అప్పుడే కాబట్టి, దానికంటే ముందే పీకెయ్యాలి.

కోతప్పుడు గట్టు వారగా రెండు మూడు మొక్కల వరసలు వదిలేసి, మడి మధ్యలోంచి విత్తనం తీసుకోండి. మిషన్‌తో నూర్పిస్తే వేరేవాళ్ళ గింజలు కలుస్తాయి, గింజకి పగుళ్ళూ పడతాయి. ఈ కాస్త విత్తనాన్ని చేత్తోనే కొట్టించండి. పళ్ళతో కొరికితే టక్కుమని విరిగేలా ఎండబెట్టి, కొత్త సంచిలో కట్టండి. ఒక అట్టముక్క మీద రకం పేరు, కోసిన తేదీ, దాని తల్లి విత్తనానికి ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు పెట్టారో, వందకి ఎన్ని మొలిచాయో రాసి సంచి మూతికి కట్టండి. నేల తేమ తగలకుండా చెక్క మీద పెట్టండి.